గంగవ్వ చేపే పాట

రాయచూరు బజారులో అనంతయ్య పాటల దుకాణం, సాయంత్రం నాలుగున్నర. ఆయన ఎదుట, స్పీకరు పెట్టిన ఫోను చేత్తో పట్టుకుని లక్ష్మీతిరుపతమ్మ. ఫోనుకు అవతల, పోతనాళలో పశువుల పాకలో, గేదె పక్కన బకెట్టుతో ఆమె భర్త కోటయ్య.

"చేపట్లేదండీ. మూడు రోజులైంది. పొదుగు నిండా పాలున్నాయి, కిందికి దించట్లేదు. చెయ్యి వేస్తే రాయి. నేను చెప్పేది మీకు అర్థమవుతుందా అనంతయ్యగారూ?"

"అర్థమైతున్నదమ్మా. బర్రె పాలిస్తలేదు. గాని ఇది పాటల దుకాణం. పశువుల దవాఖాన అటు దిక్కున్నది."

"డాక్టరు కోసం కాదండీ, మీ కోసమే వచ్చా. పాట పెడితేనే చేపుద్దంట. ఆ సంగతి అమ్మేటప్పుడు మాకు చెప్పలేదు వాళ్ళు."

"ఎవరు చెప్పలే?"

"కల్మల ఊళ్ళో యమనూరప్ప. ఆయన దగ్గరే కొన్నాం. అన్నీ చూసుకునే కొన్నామండీ. పళ్ళు చూశాం. సుడులు చూశాం. కొమ్ములు చూశాం. మూడు పూటలు వాళ్ళ పాకలోనే కూర్చుని పాలు తీయించాం, పూటకి ఐదు లీటర్లు. దూడ పోయినా ఇంత చక్కగా చేపుతుందే, ఎంత మంచి గుణం, అనుకున్నాం. గూట్లో ఫోను పాడతానే ఉంది. మూడు పూటలూ ఒకటే పాట. ఇంతమందిమి పోయాం, ఆ పాటెందుకు పెట్టావయ్యా అని ఒక్కళ్ళం అడిగితే ఒట్టు."

"పాట గూడ చూసుకొని కొనాలెనని ఎవరికి తెలుస్తదమ్మా."

"నాకు తెలియొద్దూ? అన్నిటికీ భయపడేదాన్ని, దీనికి భయపడటం మర్చిపోయా."

"తిరపతమ్మా, ఉన్నావా? ఏమంటాడాయన?"

"ఉన్నానండీ. మీరు దానికి మరీ ఆనుకుని కూర్చోమాకండి, తన్నుద్ది."

"తన్నట్లేదు. నెమరు కూడా వెయ్యట్లేదు. ఊరికే నా మొహంలోకి చూస్తా ఉంది."

"విన్నారా? నెమరు వెయ్యట్లేదంట. ఆరింటికి పశువుల కాంపౌండరు సూర్యప్రకాశ్ సూది తీసుకుని వస్తాడు. పోయినేడు మా పాత గేదెకీ ఇదేనండీ. పొదుగు గట్టిపడింది, సూది వేశారు, తెల్లారేసరికి లేదు."

"సూదికి పోలేదే. వాపు ముదిరి పోయింది. మనమే ఆలస్యం చేశాం."

"ఏదో ఒకటి, పోయిందిగా! ఆ సూది దీని ఒంట్లో దిగకూడదు. ఆరింటి లోపు ఇది చేపాలి, అంతే. ఇదిగోండి అనంతయ్యగారూ, పాట పేరు. యమనూరప్ప కొడుకు అంబరీశ్ నోటుబుక్కులో రాసుకుంటే, వాళ్ళమ్మ హులిగెమ్మ ఆ కాయితం చింపి పొద్దున బస్సు కండక్టరు చేత పంపింది."

"ఆ పిల్లగానికి ఫోన్ కొట్టొచ్చు గద?"

"పరీక్ష రాయటానికి గుల్బర్గా వెళ్ళాడంట. పాటున్న ఫోను వాడి జేబులోనే ఉంది, ఆపేసుంది. రేపు గాని రాడు. రేపటి దాకా నా గేదె ఉండొద్దూ?"

"మీ ఫోన్లనే వెతికితే దొరుకుతది గదమ్మా."

"మా ఇద్దరివీ బొత్తాల ఫోన్లు. మా అబ్బాయి బాబ్జీ దగ్గర పెద్ద ఫోనుంది, వాడు కోత మిషను మీద ఇడపనూరు పోయాడు. మీరు ట్రాక్టర్ల వాళ్ళకి పాటలు ఎక్కిస్తారంట కదా. ఎట్టాంటి పాటైనా మీ దగ్గర దొరుకుద్దని చెప్పారు."

"ఏదీ, ఇట్ల తెండ్రి కాయితం... అరే. అరెరే! ఈ పాటనా? అమ్మా, బర్రెకు ఈ పాటనా?"

"ఏం, చెడ్డదా?"

"చెడ్డదేంది! అమెరికా నల్లజాతోళ్ళ పాటమ్మా. రిథమ్ అండ్ బ్లూస్ అంటరు. అరవై యేండ్ల కిందటిది. శక్తినగర్ల పనిచేసిన ఒక ఇంజనీరు సాబు బదిలీ అయి పోతా పోతా రికార్డుల పెట్టె నాకిచ్చిండు, అందుల దొరికింది. ఆ దినం సంది వింటున్న. మా యింటామె అహల్య గూడ వినదు. రాయచూరు జిల్లాల ఈ పాట తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే అనుకుంట ఇన్నేండ్లు బతికిన. గిప్పుడు చూస్తే కల్మలల ఒక బర్రె!"

"మాటలేమంటాయండీ? చెడు జరిగేవేమీ లేవు కదా అందులో?"

"ఒకడు శానా దూరం నుంచి ఇంటికి నడుసుకుంట వస్తున్నడు. బండి దొరకలే. వాన. పిల్లా, తలుపుకు గొళ్ళెం పెట్టకు, నేనొస్తున్న, అంటడు. మూడు నిమిషాలు గదే అంటడు."

"గొళ్ళెం పెట్టకుండా పడుకోవాలా? ఒంటరి ఆడది?"

"ప్రేమతోటి అంటున్నడమ్మా."

"ప్రేమున్నవాడు పొద్దుండగానే బయల్దేరాలి. ఈయన వచ్చేలోపు ఆ ఇంట్లోకి ఇంకెవడైనా దూరితే? ఇంతకీ చేరాడా ఇంటికి?"

"అది పాటల చెప్పలే."

"చెప్పలేదా! అరవై ఏళ్ళ నుంచీ చెప్పలేదా?"

"ఏమేవ్, ముందు పాట పెట్టమను. చేరాడో లేదో తర్వాత కనుక్కుందాం."

"పెడ్తనయ్యా. గాని ఏది పెట్టాలె? ఇదొక్కటి గాదు. అసల్‌ది ఒకటి. దాన్ని మళ్ళ పాడినోళ్ళు, మళ్ళ మళ్ళ పాడినోళ్ళు, అన్ని కలిపి నా తాన పద్నాలుగున్నయి. మాటలు అవే. గొంతులు వేరు, నడక వేరు."

"ఒక పాటని పద్నాలుగు మంది ఎందుకు పాడారండీ? మొదటాయన సరిగా పాడలేదా?"

"సరిగ పాడిండు గనకనే పాడిర్రు. ఎట్ల చెప్పాలె మీకు? మీరు ఆవకాయ పెడతరు, మీ తోడికోడలు పెడతది. అవే మామిడికాయలు. అట్ల."

"మా తోడికోడలు ఆవకాయ ఉగాదికే బూజు పట్టుద్దండీ."

"అసొంటివి గూడ ఉన్నయి ఇందుల. ముందు అసల్‌ది వినుండ్రి. ఆగుండ్రి, రికార్డు తుడవాలె... ఆఁ. విన్నరా ఆ బాజా? సాక్సఫోన్. గొంతు చూడుండ్రి, గొంతుల మన్ను ఉన్నట్టుంటది. ఏడ్వడు, మొత్తుకోడు. అడుగేస్త అడుగేస్త పాడుతున్నడు. దీన్ని మించింది లేదు, రాదు."

"ఏవండీ, ఫోను దాని చెవి దగ్గర పెట్టండి. కొమ్ము చూసుకోండి. ఏం చేస్తుంది?"

"చెవి ఆడించింది."

"ఆడించిందంట! పొదుగో?"

"పొదుగు అట్టాగే ఉంది. చెవి ఆడించింది ఈగ కోసం."

"ఈగ కోసమా? ఇంత పాటకు? ఏందమ్మా మీ బర్రె?"

"మీరు కోపం తెచ్చుకోమాకండి. ఇది కాదేమోలెండి. ఆ రోజు బాజా ఉన్నట్టు లేదు. ఉందేమో. నాకు అప్పుడు లీటర్ల మీదే ధ్యాస."

"ఆడ గొంతా, మొగ గొంతా? అదన్న యాదికున్నదా?"

"యమనూరప్ప ఒక పక్క, హులిగెమ్మ ఒక పక్క కన్నడంలో మాట్లాడతానే ఉంటిరి. ఎవరిది ఏ గొంతో ఏం తెలుసుద్ది?"

"సరె. రెండోది. ఈమె చర్చిల పాడే మనిషి. ఎనక ఇరవై మంది అందుకుంటరు. మొదటాయన బతిమాలిండా? ఈమె బతిమాలదు. హుకుం చేస్తది."

"అమ్మో. ఈవిడకి గొళ్ళెం పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. తలుపు విరగ్గొట్టుకుని వస్తుంది."

"శెభాష్! ఈ మాట ఇరవై యేండ్ల సంది నా నాలుక మీదనే ఉన్నది, బయటికి వస్తలేకుండె."

"తిరపతమ్మా, ఈసారి చెవులు రెండూ నిక్కబొడిచింది!"

"రెండూనా! చేపుతుందా?"

"ఆగు... ఆగు... పేడేసింది."

"పేడ మంచిదేనా అనంతయ్యగారూ?"

"నన్నడిగితే?"

"మంచిదేలే. బిగదీసుకున్నది కొంచెం వదిలింది. ఇంకోటి పెట్టమను."

"మూడోది విలాయతి పిల్లలు. నలుగురు, గిటార్లు. నాకు పడదు. అసలోడు మూడు నిమిషాలు నడిసి నడిసి వస్తే వీండ్లు నిమిషంన్నరల ఉరికొస్తరు. ఒంటి మీద వాన చుక్క ఉండదు. మోటర్ సైకిల్ మీద వచ్చినట్టు పాడిర్రు."

"మా బాబ్జీ అట్టాగే తోలతాడు. నాకు వినాలని లేదు. పెట్టండి."

"అమ్మో!"

"ఏంటండీ? ఏంటా చప్పుడు?"

"బకెట్టు తన్నింది."

"మీకు తగిలిందా?"

"బకెట్టుకి తగిలింది."

"పక్కటెముకలు తడుముకోండి. గట్టిగా ఊపిరి పీల్చండి. నొప్పుందా? ఇప్పుడు తెలియదు లెండి, పడుకున్నాక తెలుసుద్ది."

"చూసిన్రా అమ్మా! బర్రెకు తెలిసింది! తన్నాల్సిన దాన్ని తన్నింది."

"గేదెకి సంగీతం తెలుసంటారా?"

"ఇప్పటిదాంక తప్పు చేయలే. ఆ ఈగ ముచ్చట ఒక్కటి తప్ప. ఇగ నాలుగోది. ఇది వేరే. ముసలాయన, పియానో ఒక్కటే. ఆఖరి యేడు పాడిండు."

"ఆఖరేడంటే? పోయాడా?"

"పోయిండు."

"ఈ పాట పాడాకేనా?"

"ఏడాదికమ్మా!"

"మొదటాయనో?"

"ఆయన గూడ లేడు."

"ఆ చర్చి ఆవిడ?"

"తొంభై యేండ్లు బతికి పోయింది."

"అంటే ఈ పాట పాడినవాళ్ళు ఒక్కళ్ళూ మిగల్లేదు!"

"అప్పటి మనుషులమ్మా! పాడకున్న పోతుండిరి."

"ఆయన్ని దాటేద్దామండీ. సందెపూట, పాలపూట, పోబోయే మనిషి గొంతు పాకలో వద్దు."

"దాన్ని దాటేస్తే నేనుండను. అర నిమిషం వినుండ్రి... తొందరుందా? లేదు. ఈయనకు తెలుసు, తెల్లారేదాంక నడిసినా ఇల్లు రాదని. నోటితోని గొళ్ళెం పెట్టకు అంటున్నడు గాని, లోపల మాట వేరే. పెట్టుకొని పండుకో తల్లీ అన్నట్టుంటది."

"ఆపండి."

"ఏడుస్తున్నరా?"

"ఏడవట్లేదు. మీ దుకాణంలో దుమ్ము. ఏవండీ, ఏం చేస్తుంది?"

"పడుకుంది."

"పడుకుందా! మెడ వాల్చిందా? కాళ్ళు చాపిందా?"

"మామూలుగానే పడుకుందే. నాకూ పడుకోవాలనే ఉంది ఆ పాట వింటే."

"లేపండి దాన్ని! పడుకున్న గేదె ఎక్కడ చేపుద్ది? అనంతయ్యగారూ, గట్టిది ఏదైనా పెట్టండి, లేచేది!"

"అయిదోది అమెరికా పక్క దీవులోళ్ళది. డోళ్ళు, గిలక్కాయలు. వాన గీన లేదు, పండక్కి పోతున్నట్టే. లేవకపోతే నన్నడుగుండ్రి."

"లేచింది. లేచి నిలబడింది... తిరపతమ్మా! చేపింది! ధార!"

"చేపిందా! అనంతయ్యగారూ, చేపింది! అయిదోదే! నా తల్లే, నా గంగవ్వే—"

"మనది కాదు."

"ఏంటి మనది కాదు?"

"గోడవతల బసవమ్మ గేదె. ఇందాకే పితికి కట్టేసిందంట. నిలబడ్డది నిలబడ్డట్టే ధారలు కారుస్తా ఉంది. బసవమ్మ గిన్నె కోసం పరిగెత్తింది."

"దానికేం పోయేకాలం? దాని కోసమా నేను బస్సెక్కి వచ్చింది?"

"బసవమ్మ పాట పేరు అడుగుతుంది, చెప్పనా?"

"చెప్పమాకండి! ముందు మనది చేపనీ. మన గంగవ్వ ఏం చేస్తుంది?"

"గోడ మీదుగా చూస్తా ఉంది."

"ఆరు పెట్టండి అనంతయ్యగారూ."

"ఆరోదాంట్ల ఫిడేళ్ళు నలభై ఉన్నయి. బెల్లం పాకం. నడిసేటోనికి గొడుగు పట్టినట్టుంటది."

"తోక ఇటు నుంచి అటు కొట్టింది."

"ఎవరిని?"

"నన్నే."

"ఏడు?"

"ఏడోది ఒక్క గిటారు, ఒక్క ఆడపిల్ల. గొంతు సన్నం. గొళ్ళెం లోపల ఉన్న పిల్లే పాడుతున్నట్టుంటది. నేను గొళ్ళెం పెట్టలే, నువ్వెక్కడున్నవ్, అన్నట్టు."

"ఈ పిల్ల గొంతు వింటే మా అమ్మాయి సాహితి గుర్తొస్తుంది. హాస్టల్లో అన్నం సరిగా తింటుందో లేదో. ఏవండీ?"

"ఏమీ లేదు. కుడితి వైపు చూసింది."

"కుడితి తాగించొద్దు ఇప్పుడు. ఎనిమిది?"

"ఎనిమిదోదాంట్ల మాటలు లేవు, ఉత్త బాజానే. తొమ్మిదోది తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాలు మనకు లేవు. పదోది ఎవరో పోలీసు బ్యాండోళ్ళు పాడిర్రు, పాటను అరెస్టు చేసినట్టుంటది."

"ఎనిమిదికి ఏం లేదు, పదికి ఏం లేదు తిరపతమ్మా. నాకు నడుం పట్టేసింది. ఐదూ నలభై అయింది. పొదుగు ఇందాకటి కంటే వేడిగా ఉంది."

"వేడిగానా! పాత గేదెకీ అట్టాగే మొదలైంది. వేడెక్కింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత... అనంతయ్యగారూ, పదకొండు పెట్టండి, పన్నెండు పెట్టండి, ఉన్నవన్నీ ఒకేసారి పెట్టండి!"

"ఒకేసారి పెడితే సంతల ఉన్నట్టుంటదమ్మా. ఆగుండ్రి, జర ఆలోచన చేద్దాం. అంబరీశ్‌కు ఎన్నేండ్లు?"

"పద్దెనిమిది ఉంటాయి."

"పద్దెనిమిదేండ్ల పిల్లగాడు ఫోన్ల వింటే అసల్‌ది వినడు. చర్చామెను వినడు. ముసలాయనను వింటడా, వినడు. వానికి దొరికేది పద్నాలుగోదే. నాకు ముందే తెలుసు."

"ముందే తెలిస్తే ముందే పెట్టొచ్చు కదండీ!"

"పెట్టను."

"ఆఁ?"

"అది నేను పెట్టనమ్మా. బొంబాయిల ఒక పిల్లగాడు కంప్యూటర్ల చేసిండు. అసలోని గొంతును తీసి మిషన్ల వేసి చెరుకు పిండినట్టు పిండిండు. బాజా లేదు, మనిషి లేడు. టిక్ టిక్ టిక్. వాన గూడ, నల్లా తిప్పితే నీళ్ళు కారినట్టుంటది. నా దుకాణంల అది మోగలే, మోగది. ఇజ్జత్ ముచ్చట."

"మీ దగ్గర ఉందా, లేదా?"

"ఉన్నది."

"పెట్టనిదాన్ని ఎందుకు దాచారు?"

"ఎంత ఖరాబు చేసిండో నలుగురికి చూపెట్టేటందుకు."

"ఎవరికి చూపించారు?"

"ఎవరడిగిండ్రమ్మా? ముప్ఫై యేండ్లల్ల ఈ పాట గురించి నన్నడిగిన మనిషి మీరొక్కరు. మీరు గూడ బర్రె కోసం."

"గేదె కోసం వచ్చినా విన్నాను కదండీ. ఆ నాలుగో ఆయనకి నా కళ్ళు..."

"దుమ్మంటిరి."

"దుమ్మే లెండి. అయినా మీ దుకాణంలో ఇంకెప్పుడూ అంత దుమ్ము లేవలేదేమో."

"తిరపతమ్మా, సూర్యప్రకాశ్ వచ్చాడు. బండి దిగుతున్నాడు."

"అప్పుడేనా! ఆరు కాలేదుగా! అనంతయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా. పాట పాడైపోతే మళ్ళీ అసలుది పెట్టుకోవచ్చు. నా గేదె పోతే మళ్ళీ పెట్టుకోటానికి లేదు."

"అట్లనకండమ్మా... సరె. కానీ. అసలాయనకు మాఫీ చెప్పుకొని పెడుతున్న. కంప్యూటర్ల ఉన్నది, ఆగుండ్రి. తెరుసుకుంటున్నది... తెరుసుకుంటున్నది... పోయింది."

"ఏం పోయింది?"

"కరెంటు."

"దేవుడా! ఎప్పుడొస్తుంది?"

"వస్తే పది నిమిషాలల్ల వస్తది. లేకుంటే గంటకొస్తది."

"ఇన్వర్టరు లేదా?"

"ఉన్నది. బ్యాటరీల నీళ్ళు పోయాలె."

"తిరపతమ్మా, సూర్యప్రకాశ్ సూది తీశాడు. ఇంక ఆగితే మంచిది కాదంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

"రెండు నిమిషాలు. రెండే. ఫోను దాని చెవి దగ్గర పెట్టండి."

"పాట రావట్లేదుగా?"

"పాట కోసం కాదు. సూది దిగబోయే ముందు నేనొక మాట చెప్పుకోవాలి దానికి. పోయినేడు పాతదానికి చెప్పుకోలేదు. పెట్టారా?"

"పెట్టా. చెప్పు."

"గంగవ్వా. నేనమ్మా, తిరపతమ్మని. నా గొంతు నీకు తెలియదులే. నువ్వొచ్చి మూడు రోజులైంది, ఒక్కసారి వచ్చి నీ ఒంటి మీద చెయ్యి వేసింది లేదు. భయమమ్మా. తంతావని భయం. పాత గేదె పోయిన రోజు నేను పాకలోకే రాలేదు, ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా. ఆయన వచ్చి పోయింది అంటే సరే అన్నా, అంతే. నిన్ను కావాలని పట్టుబట్టింది నేనే. ఆయన వద్దన్నాడు. తెచ్చుకున్న రోజు నుంచీ నీకేమవుతుందోనని నాకు నిద్ర లేదు—"

"తిరపతమ్మా."

"ఆగండి, చెప్పుకోనివ్వండి. నాకు అన్నీ భయాలే గంగవ్వా. కాలవలో నీళ్ళు వదిలితే గట్టు తెగుద్దేమోనని భయం, వదలకపోతే నారు ఎండుద్దని భయం. మబ్బు పడితే పిడుగు. సాహితి ఫోనెత్తకపోతే ఏమైందోనని భయం, ఎత్తితే ఆ గొంతు అట్టా ఉందేంటని భయం. ఈయన గురక పెడితే గుండెకేమో అనుకుంటా, గురక ఆగితే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తా. ఆయనకి తెలియదు ఆ సంగతి—"

"తిరపతమ్మా, ఏమేవ్—"

"తెలిస్తే తెలిసింది, ఇప్పుడు ఆపమాకండి నన్ను! ఇంటి వెనకాల కరెంటు తీగ గాలికి ఊగుద్ది గంగవ్వా, అది నీ పాక మీద పడుద్దేమోనని రోజూ సాయంత్రం కిటికీలోంచి చూస్తా. గ్యాసు ఆపానా లేదా అని మంచం దిగి నాలుగుసార్లు పోతా. మందు చల్లి వచ్చి చేతులు కడుక్కోకుండా చెంబు ముట్టుకుంటాడేమోనని ఈయన వెంటే నీళ్ళు పట్టుకుని తిరుగుతా. బాబ్జీ బండి తీస్తే మలుపు తిరిగే దాకా చప్పుడు వింటా. చప్పుడు వినపడకపోతే దూరం పోయాడో, పడ్డాడో తెలియదు కదా. ఆ పాటలో ఆయన గొళ్ళెం పెట్టకు పెట్టకు అని బతిమాలుతున్నాడు గాని, నాకు ఎవరూ చెప్పక్కర్లా. బాబ్జీ ఇంటికి చేరే దాకా నేనెప్పుడు పెట్టా? దొంగలొస్తారని భయపడతా కూడా పెట్టను. తలుపు చేరవేసి, దానికి వీపు ఆనించి కూర్చుంటా. వాడి బండి లైటు గోడ మీద పడే దాకా... ఏంటండీ, ఏంటా చప్పుడు? వేసేశాడా సూది?"

"లేదు."

"బకెట్టు తన్నిందా మళ్ళీ?"

"తన్నలేదే. బకెట్టులో ధార. ఇందాకటి నుంచీ చెబుదామంటే నువ్వు విన్నావా? సూర్యప్రకాశ్ సూది జేబులో పెట్టేసుకున్నాడు."

"ధారా! మనదేనా? బసవమ్మది కాదుగా?"

"మనదే. గంగవ్వే. మూడు లీటర్ల పైన పడింది."

"అమ్మయ్య! నా తల్లే! అనంతయ్యగారూ, కరెంటొచ్చిందా? ఏది పెట్టారు? పద్నాలుగోదేనా? అదే మెమరీ కార్డులోకి ఎక్కించండి, ఆ ఒక్కటే చాలు, రెండు కార్డుల్లోకి ఎక్కించండి, ఒకటి పోతే ఒకటి ఉండాలి."

"నేనేం పెట్టలేదమ్మా. చీకట్ల కూసున్న. మిమ్మల్నే వింటున్న."

"మరి..."

"ఏమేవ్, ఎందుకాపావ్? నువ్వాపంగానే అదీ బిగదీసింది. ఇంకా సగం పొదుగు ఉంది. బాబ్జీ బండి లైటు దగ్గరాపావ్, అక్కణ్ణించి అందుకో. భయపడతానే ఉండు."